పేరు తుంచని నాలుగు వారాలు

సాంసన్ గొంతు సంగతి ముందే చెప్పుకోవాలి. ముప్పై ఒక్కేళ్లు గద్వాల బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వెనక డోరు దగ్గర నిలబడి "రైట్" అన్నాడంటే ముందున్న డ్రైవరుకే కాదు, బస్టాండు బయట మిర్చి బజ్జీలు వేసే ఆమెకు కూడా వినిపించేది. ఉద్యోగం అయిపోయినా గొంతు అయిపోలేదు. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా "రైట్" అనే మొదలుపెడతాడు, చెయ్యి కడుక్కుని "రైట్" అనే లేస్తాడు. ఒకసారి చర్చిలో ప్రార్థన చేసి, ఆమెన్ తరువాత కూడా నోరు జారి "రైట్" అన్నాడని సంఘంలో చెప్పుకుంటారు. ఆయన మాత్రం ఒప్పుకోడు.

ఆయనకు ఇంకో అలవాటుంది. ఎవరి పేరూ నిండుగా పలకడు. బాలయ్యను బాలిగా అంటాడు, రత్నమ్మను రత్తీ అంటాడు, కట్టుకున్న భార్య సుగుణమ్మను సుగ్గీ అంటాడు. పేరంతా పలికే తీరిక ఉంటే ఆలోగా ఇంకో రెండు టికెట్లు కొట్టొచ్చని సర్వీసులో ఉన్నప్పుడు వాదించేవాడు. ఇప్పుడు కొట్టాల్సిన టికెట్లు లేవు, వాదన మాత్రం అలాగే ఉంది. తన పేరు దగ్గరికి వస్తే సంగతి వేరు. పదిహేనేళ్లుగా చర్చి సెక్రటరీ. ఆయనను "సాంసన్ సార్" అనాలి, కాదంటే "సాంసన్ గారు" అనాలి. ఈ తేడా ఆయన కంటికి ఎన్నడూ ఆనలేదు. మనందరికీ అలాంటివి ఒకటో రెండో ఉంటాయి కాబట్టి ఆయనను మరీ ఏమీ అనలేం.

ఆ డిసెంబరు ఆయనకు పెద్ద పండుగ. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను వాళ్ల చర్చిలో ఆగమన కాలమంటారు. వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తారు. మొదటిది నిరీక్షణ, రెండోది సమాధానం, మూడోది సంతోషం, నాలుగోది ప్రేమ. ఆ నాలుగోదాన్ని వెలిగించిన మనిషికి సంఘంలో ఏడాదంతా ఒక మర్యాద. ఇన్నేళ్లూ ఆ మర్యాద డాక్టరుకో, హెడ్మాస్టరుకో పోయింది. ఈసారి పెద్దలంతా కూర్చుని సాంసన్ పేరు ఖాయం చేశారు. ఆయన ఆ రోజే టైలరు దగ్గరికి పోయి గోధుమ రంగు సఫారీకి కొలతలిచ్చి వచ్చాడు. అగ్గిపుల్ల ఏ చేత్తో పట్టుకుంటే నిండుగా ఉంటుందో అద్దం ముందు చూసుకున్నాడు. సుగుణమ్మ చూస్తే నవ్వుతుందని తలుపు వేసుకుని మరీ చూసుకున్నాడు. ఆమె కిటికీలోంచి చూసి నవ్వింది.

అంతా సాఫీగా పోతుండగా పాస్టరు శ్రవణ్ కుమార్ మొదటి ఆదివారం ఒక ప్రసంగం చేశాడు. వనపర్తి నుంచి ఆ జూన్‌లోనే బదిలీ మీద వచ్చిన కుర్రాయన. సన్నగా ఉంటాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, కానీ చెప్పినదాన్ని వదలడు.

"క్రిస్మస్ కథలో యోసేపు, మరియ అంత దూరం ఎందుకు నడిచి పోయారు? రాజు తీయించే జనాభా లెక్కలో పేర్లు రాయించుకోవడానికి," అన్నాడు. "రాజుకు కావాల్సింది తలల లెక్క. దేవునికి కావాల్సింది మనిషి. దేవుడు తన పోలికలో చేసిన మనిషికి అమ్మానాన్నలు కన్నీళ్లతోనో సంతోషంతోనో ఒక పేరు పెడతారు. మనం దాన్ని సగానికి తుంచి, సగం పారేసి పిలుస్తాం. ఎవరి పేరు తుంచుతామో చూడండి. మనకన్నా చిన్నవాళ్లది, మన దగ్గర పని చేసేవాళ్లది. కలెక్టరు పేరు ఎవరమైనా తుంచుతామా? ఈ నాలుగు వారాలు మన సంఘంలో ఎవరూ ఎవరి పేరూ తుంచొద్దు. ఇంట్లో కూడా."

ఆ తరువాత సాంసన్ వైపు తిరిగి, సంఘస్థులందరి పూర్తి పేర్లతో కొత్త జాబితా రాయమన్నాడు. నాలుగో ఆదివారం సెక్రటరీ ఆ జాబితా నిలబడి చదవాలి, ఒక్కొక్క పేరుకూ సంఘమంతా "దేవునికి స్తోత్రం" అనాలి, ఆ తరువాతే కొవ్వొత్తి వెలగాలి.

"రైట్," అన్నాడు సాంసన్.

ఆ సాయంత్రం ఇంట్లోనే మొదలుపెట్టాడు. వంటింట్లో ఉన్న భార్యను హాల్లోంచి "సుగుణమ్మా" అని పిలిచాడు. ఆమె గరిటె చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఎవరన్న పోయిండ్రా?" అంది. పెళ్లయిన ముప్పై తొమ్మిదేళ్లలో ఆయన ఆ పేరు పూర్తిగా పలికింది ఆమె తల్లి చనిపోయిన రోజు ఒక్కసారే. చాయ్ కావాలని పిలిచానంటే నమ్మడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మర్నాడు బజారులో "బాలయ్యా" అని పిలిస్తే బాలయ్య వెనక్కి తిరగనే లేదు. తనను కాదనుకుని పోతూనే ఉన్నాడు. వారం గడిచేసరికి అందరికీ అలవాటై, రత్నమ్మ లాంటివాళ్లు ఎవరైనా పొరపాటున రత్తీ అంటే "డిసెంబర్ల గట్ల అనొద్దు" అని దిద్దడం కూడా మొదలుపెట్టారు.

జాబితా కూడా చకచకా సాగింది. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ పాట పాడారో కూడా సాంసన్‌కు గుర్తు. ఒక్క పూటలో నూట పదకొండు పేర్లు రాసేశాడు. నూట పన్నెండోది "బుడ్డన్న" అని రాసి, దాన్ని చూస్తూ ఆగిపోయాడు.

బుడ్డన్న అంటే చర్చి గంట కొట్టే మనిషి. గంట కొడతాడు, ఊడుస్తాడు, చాపలు పరుస్తాడు, మాడిపోయిన బల్బులు మారుస్తాడు. చర్చి గోడకు ఆనుకుని ఉన్న గదిలోనే ఉంటాడు. ఏభై ఎనిమిదేళ్లుంటాయి. మనిషి పొట్టి, సాంసన్ భుజం కిందికి వస్తాడు. అందరూ బుడ్డన్న అంటారు. సాంసన్ మాత్రం మొదట్నుంచీ "బుడ్డోడా" అనే అంటాడు. అది పేరు కాదని సాంసన్‌కు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. దాన్ని పెట్టింది ఆయనే మరి.

ముప్పై నాలుగేళ్ల కిందటి మాట. చర్చికి స్లాబు పోస్తున్న రోజులు. ఉప్పునుంతల వైపు నుంచి ఒక పొట్టి మనిషి నున్నటి గుండుతో, చేతిలో రేకు పెట్టెతో ఇటుకలు మోసే పనికి వచ్చాడు. అప్పుడు సాంసన్‌కు కొత్తగా కండక్టరు ఉద్యోగం, కొత్త ఖాకీ బట్టలు. ఆ మనిషిని చూసి సాంసన్ ఏదో జోకు వేశాడు. అక్కడున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. తట్టలు దించి మరీ నవ్వారు. ఆ జోకేమిటో ఇప్పుడు గుర్తులేదు. ఆ నవ్వు మాత్రం బాగా గుర్తుంది. అప్పటి నుంచి అతను బుడ్డోడు. తరువాత రిజిస్టరులో బుడ్డన్న అని ఎక్కించింది కూడా సాంసనే.

పోయి అడిగేస్తే అయిపోయేది. కానీ రెండో ఆదివారం పాస్టరు అందరి ముందూ, "మన సెక్రటరీ గారికి ప్రతి మనిషీ పేరుతో సహా తెలుసు, అలాంటి మనిషి ఉండటం మన సంఘం భాగ్యం," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గంట తాడు పక్కన చివరి చాప మీద కూర్చున్న బుడ్డన్న అందరికన్నా గట్టిగా కొట్టాడు. ఇక ఏ ముఖంతో అడుగుతాడు? ముప్పై నాలుగేళ్లు రోజూ చూస్తున్న మనిషిని పట్టుకుని నీ పేరేమిటని అడగడం కన్నా జాబితా చించేయడం నయమనిపించింది.

సోమవారం చుట్టు తిప్పి అడిగి చూశాడు. బుడ్డన్న చర్చి ముందు కాగితపు నక్షత్రానికి తీగ కడుతున్నాడు.

"బుడ్డ…" అని, పాస్టరు మాట గుర్తొచ్చి, "అన్నా," అని ముగించాడు సాంసన్. "మీ అమ్మ నిన్ను ఏమని పిల్సేది?"

"బిడ్డా అని పిల్సేది సారూ."

"మీ అయ్య?"

"మా అయ్య పిల్సేటోడు గాదు. ఈల ఏసేటోడు. ఇంట్ల నలుగురం ఉంటిమి, ఎవరం దగ్గరుంటే వాళ్లం ఉరికేటోళ్లం."

"మరి నీ పెండ్లి పత్రిక మీద ఏం గొట్టించిండ్రు?"

"పత్రిక యాడిది సారూ. నోటితోని చెప్పినం, వచ్చినోళ్లు వచ్చిండ్రు. ఎందుకు గివన్ని?"

"ఊకెనే," అన్నాడు సాంసన్. బుడ్డన్న ఆయనను ఒక నిమిషం చూసి, నవ్వి, మళ్లీ తీగలో పడ్డాడు.

గురువారం అబ్దుల్ హమీద్ దుకాణానికి పోయాడు. చర్చి ఎదుటే జిరాక్సు, ఆన్‌లైన్ దుకాణం. ఆ గల్లీలో అందరి ఆధార్ కార్డులూ హమీద్ చేతి మీదుగానే పోతాయి. ఎవరినీ సాబ్ అనకుండా పిలవని మనిషి. పింఛను కాగితాల కోసం బుడ్డన్న ఆధార్ నకలు ఈ మధ్యే తీశాడట. అడిగితే తలాడించాడు.

"బుడ్డన్న సాబ్ పేరా? ఆధార్‌ల గూడ బుడ్డన్న అనే ఉన్నది సాంసన్ సాబ్."

"గది అసలు పేరు గాదు గద."

"రేషన్ కార్డు చూసి ఆధార్ చేసిండ్రు. రేషన్ కార్డుకు మీ చర్చి రాసిచ్చిన కాగితం పెట్టిండు. ఆ కాగితం మీద సంతకం మీదే ఉండె." హమీద్ చాయ్ కప్పు ఆయన ముందుకు జరిపాడు. "జర పరేషాన్‌ల ఉన్నట్టున్నరు. ఆయననే అడగరాదుండ్రి, ఎదురుంగనే ఉన్నడు గద."

సాంసన్ చాయ్ తాగకుండానే లేచాడు. ఒక మనిషి పేరును కాగితాల మీంచి కూడా తానే తుడిచేశానని అప్పటిదాకా ఆయనకు తట్టలేదు. సిగ్గుగా అనిపించింది. మూడో ఆదివారం సంతోషం కొవ్వొత్తి వెలిగింది గానీ ఆయనకు పాట మీద మనసు నిలవలేదు. ఇంకొక్క వారమే ఉంది. బుడ్డన్నకు ఉప్పునుంతల దగ్గర మల్లమ్మ అనే అక్క ఉందని, ఏడాదికోసారి అక్క దగ్గరికి పోతాడని సుగుణమ్మ గుర్తుచేసింది. మంగళవారం పొద్దున్నే సాంసన్ బస్సెక్కాడు.

వనపర్తిలో ఒక బస్సు మారాడు, నాగర్‌కర్నూల్‌లో ఇంకొకటి ఎక్కాడు. ఆడవాళ్లకు టికెట్టు లేని రోజులు కావడంతో బస్సు కిటకిటలాడుతోంది. కూర్చోవడానికి చోటు లేదు. శ్రీవాణి అని బ్యాడ్జీ పెట్టుకున్న కండక్టరమ్మ మనుషుల మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చింది.

"ఏ ముసలాయనా, దారికడ్డం నిలవడ్డవ్. ఎన్కకు జర్గు."

సాంసన్ జరిగాడు. ఆ మాట ఆయన నోట్లోంచి కొన్ని వేలసార్లు బయటికి పోయి ఉంటుంది. చెవిలోకి రావడం ఇదే మొదలు. ఇంతగా గుచ్చుకుంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఊరుకోలేక, "నేను గూడ ముప్పై ఒక్కేండ్లు కండక్టర్ చేసిన బిడ్డా," అన్నాడు.

ఆ పిల్ల ముఖం మారిపోయింది. "అయ్యో సార్, ముందుగాల్నే చెప్తే అయిపోవు గద. నా సీట్ల కూసోండ్రి."

సాంసన్ దర్జాగా కూర్చున్నాడు. పక్కన నిలబడ్డ రైతు ఒకాయన, చేతిలో విత్తనాల సంచి, ఆయన వంక చూసి నవ్వాడు. "మరి నేనేం చేసిన్నని చెప్పుకోవాలె సారూ, నాకు గూడ సీటు గావాలంటే?"

ఎత్తిపొడుపు కాదది, మామూలుగానే అన్నాడు. అయినా సాంసన్ పక్కకు జరిగాడు. సగం సీటు ఖాళీ చేశాడు. "నీ పేరేంది?" అని అడిగాడు.

"ఎందుకు?"

"ఊకెనే."

"భీమన్న."

"భీమన్న గారూ, గిట్ల కూసోండ్రి," అన్నాడు సాంసన్. ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని, ఉప్పునుంతల దాకా పల్లికాయ దిగుబడి గురించి మాట్లాడుకుంటూ పోయారు.

మల్లమ్మ ఊరవతల పత్తి చేనులో దొరికింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, తమ్ముడి లాగే పొట్టి. నడుముకు కట్టుకున్న ఒడిలోంచి పత్తిని బస్తాలోకి వంపుతోంది. ప్యాంటు వేసుకున్న మనిషి గట్టు మీద నిలబడటం చూసి కొంగు సర్దుకుంది.

"ఎవరు సారూ?"

"గద్వాల నుంచి వచ్చినమ్మా. చర్చి సెక్రటరీని."

ఆమె ముఖం విచ్చుకుంది. "గద్వాలనా. మా సాంసను మంచిగున్నడా?"

ఇంత దూరం వచ్చినా తన పేరు తెలిసినవాళ్లున్నారని సాంసన్‌కు ఛాతీ పొంగింది. "మంచిగనే ఉన్న. జర మోకాళ్లు నొస్తయి, గంతే."

"మోకాళ్లు నొస్తున్నయా? మొన్న ఫోన్ల చెప్పకపాయె."

"నీకెట్ల చెప్తనమ్మా, నిన్ను చూసుడు ఇదే మొదలు."

మల్లమ్మ ఆయనను కిందికీ మీదికీ చూసింది. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నట్టుంది. "నీ సంగతి ఎవరడిగిండ్రు సారూ. మా తమ్ముడు సాంసను. మీ గుడిల గంట గొట్టెటోడు."

సాంసన్ గట్టు మీద కూర్చుండిపోయాడు.

ఆమె సీసాలో నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన తాగుతుంటే తనంతట తానే చెప్పుకుపోయింది. "ఏడో నెలలనే పుట్టిండు. ఇంతుండె, జానెడు. దవాఖానల బతకడన్నరు. అప్పటి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, వీనికి బలమున్న పేరు పెడ్త, ఆ బలంతోని బతుకుతడు అని సాంసన్ అని పెట్టిండు. బతికిండు. ఎత్తు పెరగలే గాని, ఆ పేరంటే వానికి పానం."

"మరి బుడ్డన్న అని…"

"అదా? గద్వాలకు పోయిన కొత్తల్నే చెప్పిండు. అక్కా, ఈడ ఇంకో సాంసన్ ఉన్నడు, కండక్టరు, ఆరడుగుల మనిషి, మంచోడు. ఆయన పెద్ద సాంసన్, నేను బుడ్డ సాంసన్. గందుకే నన్ను అందరు బుడ్డన్న అంటరు, అన్నడు. అంత పెద్ద మనిషికి నా పేరే ఉన్నదని మురిసేటోడు." మల్లమ్మ ఆగి, చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. "ఆ కండక్టరువు నువ్వేనా అన్నా?"

అవునని తల ఊపాడు సాంసన్. అప్పుడు ఆ జోకు గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా గుర్తురానిది మాటకు మాట గుర్తొచ్చింది. పేరేమిటని అడిగితే ఆ గుండు మనిషి రేకు పెట్టె కింద పెట్టి, గొప్పగా "సాంసన్" అన్నాడు. బైబిల్లో ఆ పేరుగల వీరుడి బలమంతా జుట్టులోనే ఉండేదని, గుండు చేయగానే అదంతా పోయిందని సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. సాంసన్ అతని గుండు మీద చెయ్యి పెట్టి నిమిరి, "గుండు గీకించుకున్నంక ఇంకేం సాంసన్‌వయా? మన సంఘానికి ఒక్క సాంసన్ సాలు. నువ్వు బుడ్డోనివి, గంతే," అన్నాడు. అందరూ నవ్వారు.

"గుండు ఎందుకుండె అప్పుడు?" అని అడిగాడు మెల్లగా.

"టైఫాయిడ్ వచ్చి పోతపోత బతికిండు. జుట్టంత ఊడిపాయె, గందుకే గీకించినం," అంది మల్లమ్మ. పోయేటప్పుడు బలవంతాన పల్లికాయల మూట చేతిలో పెట్టింది. "పెద్ద సాంసన్ కాడ నా తమ్ముడున్నడని నాకు ఎప్పుడు రంది లేదన్నా."

తిరుగు ప్రయాణంలో సాంసన్ పల్లికాయల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రెండుసార్లు చావును తప్పించుకున్న మనిషి ఒక పేరును పట్టుకుని బతికి వస్తే, తాను దాన్ని ఒక్క నవ్వు కోసం లాక్కున్నాడు. ఆ మనిషేమో లాక్కున్నవాడిని మంచోడని ఇంట్లో చెప్పాడు. ఇది తలుచుకుంటే ఆయనకు కిటికీలోంచి బయటికి చూడటం తప్ప ఏమీ తోచలేదు. మర్నాడు క్షమాపణ అడుగుదామని చర్చికి పోయాడు. బుడ్డన్న చీపురు పక్కన పెట్టి, "ఏంది సారూ, ఒంట్ల మంచిగలేదా?" అని అడిగాడు. బస్టాండంతా వినబడే గొంతు ఆ రోజు పెగల్లేదు. పల్లికాయల మూట ఇచ్చి, మీ అక్క పంపిందని కూడా చెప్పకుండా వచ్చేశాడు.

నాలుగో ఆదివారం చర్చి నిండిపోయింది. నక్షత్రాలు, రంగు కాగితాలు, కేకు వాసన. సాంసన్ సఫారీ తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. సుగుణమ్మ కాలరు సర్ది, "అగ్గిపుల్ల కుడి చేత్తోనే పట్టు, గదే మంచిగున్నది," అని చెవిలో చెప్పింది. ఇంకో రోజైతే ఆయన ఉలిక్కిపడేవాడు. ఆ రోజు తల మాత్రం ఊపాడు.

జాబితా చదివాడు. బాలయ్య, రత్నమ్మ, సుగుణమ్మ. ఒక్కో పేరుకూ స్తోత్రం, ఒక్కో పేరుకూ ఒక ముఖం వెలగడం. నూట పదకొండు అయ్యాయి. నూట పన్నెండోది చదివాడు.

"సాంసన్."

స్తోత్రం రాలేదు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సెక్రటరీ తన పేరు మొదట్లోనే చదివాడు కదా, మళ్లీ ఏమిటి? పాస్టరు శ్రవణ్ కుమార్, పొరపాటైందనుకుని లేచి, "ఇప్పుడు ప్రేమ కొవ్వొత్తి సాంసన్ గారు వెలిగిస్తారు," అన్నాడు.

"ఏ సాంసన్ అయ్యగారూ?" అన్నాడు సాంసన్. "మన సంఘంల ఇద్దరం ఉన్నం."

వెనక గంట తాడు దగ్గర బుడ్డన్న కదలలేదు. చాప మీద చూపు దించుకున్నాడు.

సాంసన్ జాబితా మడిచాడు. "నాకు అందరి పేర్లు తెలుసని మీరు చప్పట్లు కొట్టిండ్రు. ఆయన గూడ కొట్టిండు. ఆయన పేరు నాకు తెల్వకుండె. తెల్వకపోవుడు గాదు, నేనే తీసేసిన. ముప్పై నాలుగేండ్ల కింద ఈ చర్చికి ఇటుకలు మోయనీకి వచ్చి, నా పేరు సాంసన్ అన్నడు. సంఘానికి ఒక్క సాంసన్ సాలని నేను అన్న. మీల సగం మంది ఆ దినం ఈడ ఉన్నరు, నవ్విండ్రు. మిమ్మల్నేం అంటలేను, నవ్విచ్చింది నేనే." ఆయన గంట తాడు వైపు తిరిగాడు. "తప్పయింది సాంసన్. ఆ పేరు నీది. ఈ కొవ్వొత్తి గూడ నీదే, నువ్వు వచ్చి ఎలిగియ్యాలె."

బుడ్డన్న లేచి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నాకు యాదికున్నది సారూ," అన్నాడు. "జోకు మంచిగనే ఉండె. నేను గూడ నవ్విన. కొత్తోన్ని గద, నవ్వకపోతే ఇంకేం జేయాలె?"

ఆ మాటకు రత్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నవ్విన వాళ్లలో ఆమె కూడా ఉంది.

అతను నడిచి వస్తుంటే దారిలో కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకున్నారు. చిత్రమేమిటంటే పాస్టరు చెప్పకుండానే మొదటి వరసలోని డాక్టరు లేచి నిలబడ్డాడు, ఆ వెనక హెడ్మాస్టరు, ఆ వెనక అందరూ. కొవ్వొత్తుల స్టాండు ఎత్తుగా ఉంది. ఆరడుగుల సెక్రటరీ వెలిగిస్తాడని ఈసారి బల్ల మీదికి ఎక్కించి పెట్టారు. దాన్ని అక్కడ పెట్టింది కూడా ఇతనే. అందదని తెలుసు. తనకు ఎన్నడైనా అందాల్సి వస్తుందని తెలియదు. ఒక క్షణం తల ఎత్తి చూసి, పక్క గదిలోకి పోయి, బల్బులు మార్చేటప్పుడు ఎక్కే స్టూలు తెచ్చుకున్నాడు. దానికి ఒక కాలు పొట్టి, ఎక్కితే ఊగుతుంది.

"సారూ," అన్నాడు వెనక్కి తిరిగి. "ఇది కదుల్తది. జర పట్టుకుంటవా?"

సాంసన్ సఫారీ ప్యాంటు నలుగుతుందని కూడా చూడకుండా నేల మీద మోకాళ్లూని, నొప్పిని మింగి, రెండు చేతులతో స్టూలు గట్టిగా పట్టుకున్నాడు. "సారు అనకు. పట్టుకున్న, ఎక్కు సాంసన్."

పొట్టి సాంసన్ స్టూలెక్కాడు. అగ్గిపుల్ల గీశాడు. కుడి చేత్తోనే పట్టుకున్నాడు, సుగుణమ్మ గమనించింది. కొవ్వొత్తికి అందుకోబోయి ఒక్కసారి ఆగి, కిందికి చూశాడు.

అలవాటు ఎక్కడికి పోతుంది. కింద మోకాళ్ల మీదున్న మనిషి నోట్లోంచి, చర్చి దాటి హమీద్ దుకాణం దాకా వినబడేలా వచ్చేసింది.

"రైట్!"

సంఘమంతా గొల్లుమంది. తట్టలు దించి నవ్విన ఆనాటి వాళ్లు కూడా నవ్వారు. ఈసారి స్టూలు మీదున్న సాంసన్ అందరికన్నా ముందు నవ్వాడు, చెయ్యి ఊగి అగ్గిపుల్ల ఆరిపోయేంతగా నవ్వాడు. ఇంకో పుల్ల గీసి వెలిగించాడు.

"దేవునికి స్తోత్రం," అన్నారు నూట పన్నెండు మంది, నూట పన్నెండో పేరుకు.